చందుర్తి దాటాక లేచే ముల్లు

మా మామ కారులో ఇంజన్ వేడి చూపించే ముల్లు ఇంజన్‌ను చూసి లేవదు. దారిని చూసి లేస్తుంది. సిరిసిల్లలో బయలుదేరినప్పుడు సగానికి కిందే బుద్ధిగా ఉంటుంది. వేములవాడలో బస్సుల మధ్య అరగంట ఇరుక్కున్నా కదలదు. చందుర్తి దాటి, రోడ్డు పక్కన తాటిచెట్లు మొదలు కాగానే లేచి పైకొస దాకా పోతుంది.

"శాంతా, గిది మల్ల లేసింది," అంటాడు మామ ఎంతో బాధగా.

"లేస్తె ఆపు మరి. ఇంజన్ కరాబైతే ఎట్ల," అంటుంది అత్త అంతకంటే బాధగా.

శాంత మా నాన్నకు చెల్లెలు. మామ పేరు జలపతి. సిరిసిల్లలో వాళ్లకు పన్నెండు సాంచెల షెడ్డు ఉంది. సాంచె అంటే మరమగ్గం. మాది బుగ్గారం పక్క పల్లె. అక్కడి బడిలో పదో తరగతి దాకా చదివి, రెండేళ్ల కిందట అత్త దగ్గరికి వచ్చాను. సాంచెలకు కావాల్సిన దారపు కండెలు చుడతాను. షెడ్డులో సాంచెల చప్పుడుకు ఎవరి మాటా ఎవరికీ వినబడదు కాబట్టి నేను తక్కువ మాట్లాడతానన్న సంగతి అక్కడ ఎవరూ పట్టించుకోలేదు.

వాళ్లకు ఒక్కతే బిడ్డ, స్వప్న. కోరుట్లలో ఇచ్చారు. అక్కడే ఒక బడిలో లెక్కల టీచరు. నాకు వదిన వరస. పదిహేను రోజులకోసారి ఆదివారం ముగ్గురం ఆమెను చూడడానికి పోతాం. మామ నడుపుతాడు, అత్త ముందు కూర్చుంటుంది, నేను వెనుక సీటులో టిఫిన్ డబ్బాలు ఒడిలో పెట్టుకొని కూర్చుంటాను. నాకు ముందున్న ఇద్దరి తలలూ, వాళ్ల మధ్యలోంచి ముల్లూ కనబడతాయి.

కారు తెల్లది, ఇరవై రెండేళ్లది. అద్దం మీద కొండగట్టు అంజన్న స్టిక్కరు ఉంటుంది. పోయిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది అంటించడం వల్ల అది అట్ట ముక్కంత మందమైంది. ఏసీ ఎప్పుడో పోయింది. గాలి ఫ్యాను మిగిలింది. అదీ దగ్గుకుంటూ తిరుగుతుంది.

కారు ఆగగానే మామ డిక్కీలోంచి అయిదు లీటర్ల ఖాళీ డబ్బా తీసుకుని, నీళ్ల కోసమని తాటిచెట్ల మధ్య బాటలో పోతాడు. ఆ బాట చివర ఒక బోరు ఉన్నమాట నిజమే. దాని పక్కన హన్మంతు గౌడు గుడిసె ఉన్నమాట కూడా నిజమే. షుగర్ ఉంది, కల్లు ముట్టొద్దని డాక్టరు మామకు గట్టిగా చెప్పాడు. అయిదు లీటర్ల నీళ్లు పట్టడానికి అరగంట తీసుకునే బోరు మా జిల్లాలో ఇంకెక్కడా ఉండదు.

మామ చెట్ల వెనుక మాయం కాగానే అత్త దిగుతుంది. "కాళ్లు పట్టినయి, జెర నడిచొస్త," అంటుంది. రోడ్డుకు అవతలి పక్క పెద్ద గొడుగు కింద సత్తవ్వ అనే ముసలామె కూర్చుంటుంది. ఎండాకాలం పుల్లమామిడి ముక్కలు, వానకాలం కాల్చిన మక్కకంకులు, చలికాలం జామకాయలు. ఏదైనా ఉప్పుకారం దట్టంగా రాసే ఇస్తుంది. అత్తకు బీపీ. ఉప్పు చిటికెడు దాటొద్దని అదే డాక్టరు చెప్పాడు.

మామ మీసం తుడుచుకుంటూ వస్తాడు. అత్త వేళ్లు కొంగుకు తుడుచుకుంటూ వస్తుంది. మామ బానెట్ లేపి రేడియేటర్ పక్కనున్న డబ్బాలో నీళ్లు పోస్తాడు. అది నిండే ఉంటుంది కాబట్టి పోసినవన్నీ రోడ్డు మీద పడతాయి. మళ్లీ బయలుదేరుతాం. ముల్లు దిగి ఉంటుంది.

"నీళ్లు తాగినంక ఎట్ల సల్లవడ్డదో జూడు," అంటాడు మామ.

మొదటి నెలలోనే ఒకరికి తెలియకుండా ఒకరు నన్ను పక్కకు పిలిచారు. "మీ అత్తకు చెప్పకు నీలా," అన్నాడు మామ. "మీ మామకు చెప్పకు బిడ్డా," అంది అత్త. నేను ఎవరికీ చెప్పలేదు. అక్కడి నుంచి కోరుట్ల దాకా మామ పాటలు పాడుకుంటూ నడుపుతాడు. రుద్రంగి దగ్గర మలుపులు ఉంటాయి. పాట మంచి పట్టులో ఉన్నప్పుడే మలుపు వస్తుంది. నేను ఒక చేత్తో డబ్బాలు, ఇంకో చేత్తో తలుపు పిడి పట్టుకుంటాను.

సాంచె మోటరు వేడెక్కిందో లేదో చూడడానికి మా షెడ్డులో ఒక లెక్క ఉంది. దాని మీద అరచేయి ఆనించి పది అంకెలు లెక్కపెట్టాలి. పది దాకా చేయి నిలిస్తే మోటరు బాగున్నట్టు. అయిదుకే చేయి లాక్కుంటే బంద్ చేయాలి. పోయిన చలికాలం ఒక ఆదివారం, ఆ ఇద్దరూ చెరో పక్కకు పోయాక, దిగి బానెట్ మీద చేయి ఆనించాను. పది అయింది. ఇరవై అయింది. ముప్పై ఆరు దగ్గర అత్త రోడ్డు దాటుతూ కనబడితే చేయి తీసేసి వెనుక సీటులో కూర్చున్నాను.

ఆ తర్వాత నేను ముల్లును చూడడం మానేసి మామ ఎడమ చేతిని చూడడం మొదలుపెట్టాను. చందుర్తి దాటింది. తాటిచెట్లు కనబడ్డాయి. మామ చేయి గేరు మీది నుంచి లేచి ఫ్యాను మీట దగ్గరికి పోయింది.

"ఏంది, గాలి ఆడుతలేదు," అంటూ మీటను చివరి దాకా తిప్పాడు. ఫ్యాను దగ్గింది. ముల్లు లేచింది.

"అవ్, ఒక్కటే ఉక్కపోత," అంది అత్త, శాలువ ఇంకా దగ్గరికి లాక్కుంటూ.

తిరిగి బయలుదేరేటప్పుడు మామ ఫ్యాను ఆపాడు. ముల్లు దిగింది. అంతే సంగతి. అత్తకు ఈ సంగతి తెలుసో, తెలిసీ తెలియనట్టు ఉందో మాత్రం నేను ఎంత చూసినా తేల్చుకోలేకపోయాను.

నలుగురూ నమ్మడానికి మామ కారును మూడుసార్లు కోరుట్లలో రాజం అనే మెకానిక్‌కు చూపించాడు. ఫ్యాను పెట్టకుండా చూపించాడు. రాజం మొదటిసారి వేడి కొలిచే సెన్సర్ మార్చాడు. రెండోసారి నీళ్లను ఆపి వదిలే వాల్వు మార్చాడు. మూడోసారి అరగంట ఇంజన్ నడిపించి, చూసి చూసి, చేతులు తుడుచుకున్నాడు.

"జలపతన్నా, అన్నీ మార్చిన. ఇగ మిగిలింది డ్రైవర్ను మార్చుడే," అన్నాడు.

మామకు ఆ మాట గుచ్చుకుంది. అప్పటి నుంచి రాజానికి పని రాదని అందరికీ చెప్తూ తిరిగాడు.

ఇదంతా ఇలాగే సాగేది. వైశాఖంలో సిరిసిల్లలో ఒక పెండ్లికి వచ్చిన స్వప్న వదిన బస్సుల్లో రద్దీ చూసి, "మీతోనే వస్త," అని మా కారెక్కడంతో చెడింది. అత్త ఆమెను ముందు కూర్చోబెట్టి, వెనుక నా పక్కన కూర్చుంది. తాటిచెట్లు వచ్చాయి. పక్కన ఉన్నది బిడ్డ అని మామకు తెలుసు. ఆయన చేతికి తెలియదు. అది దాని అలవాటు కొద్దీ మీట తిప్పేసింది.

ముల్లు లేవడం చూసి వదిన గట్టిగా అరవలేదు. "బాపు, బండి ఆపు," అంది. అందరినీ దింపింది. ఇంజన్ మండుకుంటుందేమోనని కారుకు ఇరవై అడుగుల దూరంలో ఎండలో నిలబెట్టింది. ఎవరినీ కదలనివ్వలేదు. ఎడమవైపు హన్మంతు గుడిసెకు పోయే బాట, కుడివైపు సత్తవ్వ గొడుగు. మధ్యలో మామ, అత్త. బడిలో తప్పు చేసి నిలబడ్డ పిల్లల్లా అరగంట అలాగే ఉన్నారు. మామ ఎండకు చెమట తుడుచుకుంటూ బాట వైపు, అత్త గొడుగు వైపు చూశారు.

రెండు రోజులకు వదిన ఫోను చేసింది. అత్త స్పీకర్ పెట్టింది.

"గా డబ్బ అమ్మెయ్యాలె. జగిత్యాల్ల పాతబండ్లు కొనేటాయన ఉన్నడు. మాట్లాడిన. ఇగ నుంచి బస్సుల రండ్రి."

"బస్సులనా?" అన్నాడు మామ. ఆ బస్సు తాటిచెట్ల దగ్గర ఆగదు.

"గట్లంటవేంది బిడ్డా. మీ బాపుకు గది పానం," అంది అత్త. అత్త గొంతులో బాపు పానం ఒక్కటే లేదు.

వదిన లెక్కల టీచరు కాబట్టి ఒక పరీక్ష పెట్టింది. "సరే. వచ్చే ఆదివారం నేనే వస్త. ముంగట నేను కూసుంట. సిరిసిల్ల సంది కోరుట్ల దాక ముల్లు లేవకపోతే బండి మీదే. ఒక్కపాలి లేసిందా, చాబి గాయన చేతుల పెడత. నీలా ఉన్నదా గాడ?"

"ఉన్న వదినా."

"ముల్లు మీద కన్ను నీది. మా అమ్మ, బాపు ఏం చెప్తరో నాకెరుక. నువ్వైతె అబద్ధమాడవు."

"సరే వదినా," అన్నాను.

బుధవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. సాంచెలన్నీ ఒక్కసారి ఆగిపోయి షెడ్డు నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో బయటి రేకుల కింద నుంచి ఒక దగ్గు వినబడింది. ఆగింది. మళ్లీ దగ్గింది. పోయి చూస్తే మామ కారులో ఒక్కడే కూర్చుని, ఇంజన్ స్టార్ట్ చేసి, ఫ్యాను పెడుతూ, ఆపుతూ ఉన్నాడు. ముల్లు లేస్తూ, దిగుతూ ఉంది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను.

"ఫ్యాన్ పెడితెనే లేస్తది గదా మామా."

మామ చేయి మీట మీదే ఆగిపోయింది. "నీకెప్పటి సంది ఎరుక?"

"చలికాలం సంది."

"మీ అత్తకు?"

"నేనైతె చెప్పలే."

ఆయన ఇంజన్ ఆపాడు. "ఆదివారం ఫ్యాన్ ముట్టకపోతె అయిపాయె," అన్నాడు తనకు తానే ధైర్యం చెప్పుకుంటున్నట్టు.

"ఎండలు గిట్లున్నయి. వదిన కూసోంగనే ఆమెనే పెడతది."

మామ స్టీరింగు మీద నుదురు ఆనించాడు. హారన్ మోగింది. ఉలిక్కిపడి లేచాడు.

"రాజం దగ్గరికి పోయిరా మామా."

"పోయి ఏమని చెప్పాలె? ఫ్యాన్ పెట్టి ముల్లు నేనే లేపుతున్న అని చెప్పాల్నా? కోరుట్ల బస్టాండ్ల బోర్డు కడ్తడు వాడు."

"అయితె నేను జూస్త."

ఆయన నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. "నువ్వేం జూస్తవు? గది కండె కాదు పిల్లా."

"తీగలే గదా. పోగుకు తీగకు ఫరక్ ఏమున్నది. కాకపోతె ఊకె చూడ. నాకు బండి నేర్పాలె."

"ఓహో."

"ఇంకొకటి. తాటిచెట్లు దాటినంక నేనే నడుపుత."

"ఎందుకు?"

"తాళ్లు దాటినంక నీ పాటలు వింటుంటె నాకు భయమైతది మామా."

మామ ముఖం చిన్నబోయింది. "గంత బాగుండదా పాట?"

"పాట బాగుంటది. మలుపులే బాగుండవు."

ఆయన అద్దం మీది అంజన్న వైపు చూసి, గోరుతో స్టిక్కరు అంచు సరిచేశాడు. తర్వాత, "ముల్లు బాగైనంక తాళ్ల కాడ ఆగుడే ఉండదు గదా. ఇగ నువ్వు నడిపేది ఏముంటది?" అన్నాడు.

"గప్పుడు చూద్దాం," అన్నాను.

కండెల దగ్గర కూర్చున్న మొదటి రోజే అత్త నాకు ఒకటి నేర్పింది. బట్టలో తప్పు కనబడితే తప్పును చూస్తూ కూర్చోవద్దు. అది అక్కడ పుట్టలేదు. ఆ పోగును చేత్తో పట్టుకుని వెనక్కి పో, తెగినచోటు అదే చేతికి తగులుతుంది. ముల్లు దగ్గర తప్పు కనబడుతోంది. రాజం దాన్ని ఇంజన్ వైపే వెతికాడు. ఫ్యాను పెడితే లేస్తోందంటే, ముల్లు నుంచి వచ్చే పోగూ ఫ్యాను నుంచి వచ్చే పోగూ ఎక్కడో ఒకచోట కలవాలి.

బ్యాటరీ తీగ మామతో విప్పించాను. స్టీరింగు కింది మూత మరలు తీశాం. నేను కింద పడుకుని టార్చి పట్టుకుంటే, లోపల అల్లుకుపోయిన తీగలు కనబడ్డాయి. చిక్కుపడ్డ నూలు కంటే నయమే. ముల్లు వెనుక నుంచి వచ్చే నల్లతీగను రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా పోయాను. ఫ్యాను నుంచి వచ్చే నల్లతీగ దారిలో తోడైంది. రెండూ కలిసి కాళ్ల దగ్గర, కారు బాడీకి బిగించిన ఒక బోల్టు దగ్గరికి చేరాయి. లోపలికి వచ్చిన కరెంటు తిరిగి పోయే దారి అదే. సాంచె మోటరుకు ఎర్త్ తీగ ఉన్నట్టే.

ఆ బోల్టు దగ్గర నా వేళ్లకు మెత్తగా ఏదో తగిలింది. టార్చి తిప్పి చూశాను. తెల్ల పాలిస్టర్ దారం. తీగ కొసను రాగి కనబడకుండా దారంతో పదిహేను చుట్లు చుట్టి, చివరన చిన్నగా, గట్టిగా, అందంగా ఒక ముడి వేసి, ఆ చుట్లతో సహా బోల్టు కింద బిగించారు. మగ్గం మీద పోగు తెగితే వేసే ముడి అది. అందరూ వేస్తారు కానీ ఒక్కొక్కరి చేయి ఒక్కో తీరు ఉంటుంది. ఈ ముడిని నేను రోజూ షెడ్డులో చూస్తాను.

"మామా, జెర వంగి చూడు."

మామ మోకాళ్ల మీద వంగి, తల లోపలికి పెట్టాడు.

"గది నా ముడే," అన్నాడు.

"ఎప్పుడేసినవు?"

"రేడియో పెట్టించినప్పుడు. గీ తీగ ఊడి ఏలాడుతుండె. తెగిన కొస కండ్లవడితే ఊకుండబుద్ధైతదా?" ఇంకాస్త దగ్గరికి వంగాడు. "రెండేండ్లయింది. ఎట్లున్నది జూడు. ఇంచు జారలే."

"మంచిగ చుట్టినవు మామా. గందుకే కరెంటు పోతలేదు. దారం మీదికెంచి అది ఎట్ల పోతది?"

దారం పక్కన బోల్టు అంచుకు రాగి వెంట్రుకవాసి తగులుతోంది. ఆ సందులోంచే ఇన్నాళ్లు కరెంటు తిప్పలు పడుతూ పోయింది. ముల్లు ఒక్కటే ఉన్నప్పుడు సరిపోయేది. ఫ్యాను కూడా అదే సందులోంచి పోవాలని నెట్టుకునేసరికి దారి చాలక ముల్లు పిచ్చిగా ఎగిరేది. ఇది మామకు చెప్పడం కష్టం కాలేదు. వేములవాడ గుడిలో జాతరనాడు ఒకే తలుపు తెరిచినట్టు అన్నాను.

దారం బ్లేడుతో కోశాను. కోస్తుంటే మామ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. రాగిని గీకి మెరిపించి, బోల్టు కింది తుప్పును గరుకు కాగితంతో రుద్ది, రాగిని నేరుగా ఇనుముకు ఆనించి బిగించాను. బ్యాటరీ కలిపి ఇంజన్ స్టార్ట్ చేశాక, ఫ్యాను మీట చివరి దాకా తిప్పమన్నాను.

ఈసారి ఫ్యాను దగ్గలేదు. గట్టిగా ఊపిరి పీల్చి ఒక్కసారి ఊదింది. అన్నేళ్లుగా షెడ్డు పక్కన నిలబడి కారు మింగిన దారపు పొట్టంతా లోపలి నుంచి లేచి మామ మీసాల మీద, కనుబొమల మీద వాలింది. ఆయన తుడుచుకోలేదు. ముల్లునే చూస్తున్నాడు. హెడ్‌లైట్లు వేశాం. రేడియో పెట్టాం. వైపర్లు తిప్పాం. పావుగంట అయినా ముల్లు సగానికి కిందే ఉంది.

"ఇగ లేవదా?" అన్నాడు.

"లేవదు. ఇంజన్ నిజంగ వేడెక్కితె తప్ప."

"గట్ల ఎప్పుడన్న వేడెక్కుతదా?"

"నువ్వు మంచిగ చూసుకుంటె ఎక్కది."

తెల్ల కనుబొమలతో మామ ఒక్కసారిగా పదేళ్లు ముసలివాడయినట్టు కనిపించాడు. నేను ఆ దారపు ముడిని పారేయకుండా కండెల డబ్బాలో వేసుకున్నాను.

ఆదివారం వదిన వచ్చి ముందు సీటులో కూర్చుంది. బెల్టు పెట్టుకుంది. మామ తాళం తిప్పీ తిప్పకముందే ఫ్యాను మీట చివరి దాకా తిప్పింది. గాలి గట్టిగా కొట్టింది.

"ఫ్యాన్ బాగైంది గదా," అంది.

"నీల జేసింది," అన్నాడు మామ.

వేములవాడ దాటింది. వదిన ప్రతి అయిదు నిమిషాలకూ, "నీలా?" అంటే నేను, "సగానికి కిందనే వదినా," అంటున్నాను. చందుర్తి దాటింది. తాటిచెట్లు మొదలయ్యాయి. కారు తనంత తానే మెల్లబడింది.

"ఎందుకు స్లో చేసినవు బాపు?"

"బర్రె అడ్డమొచ్చింది."

"ఏది?"

"పోయింది."

మామ చేయి మీట దగ్గరికి పోయింది. అది ముందే చివరి దాకా తిరిగి ఉంది. ఒకసారి ఆపి, మళ్లీ తిప్పింది. ముల్లు అంగుళం కాదు, గింజంత కూడా కదలలేదు. మామ గెలుస్తున్నాడు. ముఖం చూస్తే అలా లేదు.

బాట దగ్గర హన్మంతు భుజాన మోకుతో నిలబడి చేయి ఎత్తాడు. మామ కూడా చేయి ఎత్తాడు, బస్సెక్కి పోతున్నవాడు చుట్టాలకు ఊపినట్టు. అవతలి పక్క సత్తవ్వ గొడుగు కింద నుంచి లేచింది. చేతిలో ఆకు దొన్నె ఉంది.

"శాంతవ్వా," అని కేకేసింది. "ముక్కలు కోసి పెట్టిన గదనే. ఆగరా ఇయ్యాల?"

కారు దాటిపోయింది. అత్త వెనక్కి తిరిగి, గొడుగు చుక్కంత అయ్యేదాకా చూసింది.

"ఎవరమ్మా ఆమె?" అంది వదిన.

"నాకేమెరుక."

"నీ పేరు వెట్టి పిలిచింది."

"శాంతలు ఊరికి పదిమంది ఉంటరు బిడ్డా."

వదిన వెనక్కి తిరగలేదు. ముందు అద్దంలో నన్ను చూసింది. నేను ముల్లును చూశాను. నాకు అప్పగించింది దాన్నే కదా.

కోరుట్లలో ఇంటి ముందు కారు ఆగేదాకా ముల్లు లేవలేదు. "లేవలేదు వదినా," అని చెప్పాను. వదిన అక్కడే నిలబడి జగిత్యాల ఆయనకు ఫోను చేసి బండి అమ్మేది లేదని చెప్పింది. మామ బానెట్ మీద చేయి వేసి నిమిరాడు. "బతికిచ్చినవు పిల్లా," అన్నాడు నాతో, గుసగుసగా. తర్వాత ఇంకా మెల్లగా, "సంపినవు గూడ," అన్నాడు.

మాట ప్రకారం మామ నాకు బండి నేర్పాడు. ఉదయం పూట మానేరు వైపు ఖాళీ రోడ్డు మీద తీసుకుపోయేవాడు. గేరు మార్చేటప్పుడు నేను రెండేళ్లు వెనుక సీటులోంచి చూసిన ఆయన ఎడమ చేతిని గుర్తుచేసుకునేదాన్ని. శ్రావణానికి లైసెన్సు వచ్చింది.

ఈలోగా నాలుగు ఆదివారాలు మేము తాటిచెట్లను దాటుకుంటూ పోయాం, ఆగకుండా. ఆగడానికి కారణం లేదు. ఆపమని అడగాలంటే మామ ఎందుకో చెప్పాలి, అత్త కూడా ఎందుకో చెప్పాలి. ఇద్దరూ చెప్పలేదు. ఇంట్లో మాత్రం రోజులు పుల్లబడ్డాయి. అత్త పెట్టిన చాయలో మామకు వంక కనబడేది. మామ నేయించిన బట్టలో అత్తకు వంక కనబడేది. ఇద్దరికీ కలిపి నా కండెల్లో వంక కనబడేది.

లైసెన్సు వచ్చాక మొదటి ఆదివారం సిరిసిల్ల నుంచే నేను స్టీరింగు పట్టుకున్నాను. మామ నా పక్కన, అత్త వెనుక డబ్బాలతో. వాన తుంపర పడుతోంది. చందుర్తి దాటింది.

"నీలా, జెర ఫ్యాన్ పెట్టు," అన్నాడు మామ.

పెట్టాను. అత్త చలికి కొంగు కప్పుకుని ముందుకు వంగింది.

"లేసిందా?" అంది.

"లేవలే," అన్నాడు మామ.

"మంచిగ జూసినవా?"

"జూసిన."

తాటిచెట్లు దగ్గరికి వస్తున్నాయి. వానకు నల్లబడి, నున్నగా ఉన్నాయి. గొడుగు కింద నుంచి పొగ లేస్తోంది. కాలుతున్న కంకుల వాసన కారులోకి వచ్చింది.

"ఎన్కటనే బండి మంచిగుండె," అంది అత్త ఎవరితోనో అన్నట్టు.

"గా ముచ్చట నిజం," అన్నాడు మామ. ఇద్దరూ ఒక మాట మీద నిలబడడం రెండు నెలల తర్వాత అదే మొదలు.

నేను ఎడమవైపు ఇండికేటర్ వేశాను. మెల్లగా పక్కకు తీసి, గొడుగుకూ బాటకూ సమానదూరంలో ఆపాను. తాళం తిప్పి ఇంజన్ ఆపాను. ముల్లు అడుగుకు పడిపోయింది.

"నీళ్లు పోద్దాం మామా," అన్నాను.

ఎందుకని ఎవరూ అడగలేదు. "పొయ్యాలె, పొయ్యాలె," అంటూ మామ అప్పటికే డిక్కీ దగ్గర ఉన్నాడు. "నా కాళ్లు గూడ పట్టినయి," అంటున్న అత్తకు ఒక కాలు ముందే రోడ్డు మీద ఉంది. డబ్బా బాటలో ఎడమవైపు పోయింది. కొంగు కుడివైపు పోయింది.

ఫోను మోగింది. స్వప్న వదిన.

"బయలెల్లిండ్రా? ముల్లు లేసిందా?"

"లేవలేదు వదినా."

"బండి చప్పుడు వస్తలేదేంది?"

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"అమ్మ, బాపు బండిల ఉన్నరా?"

అద్దంలోంచి చూశాను. "కండ్ల ముంగటనే ఉన్నరు."

వదిన ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది. అది కోపమో నవ్వో తెలియలేదు. "నీలా, ఒక్కటి చెప్పు. ఆడి నుంచి కోరుట్ల దాక ఎవరు నడుపుతరు?"

"నేనే."

"ప్రతిసారా?"

"ఎప్పటికీ నేనే వదినా. మాటైంది."

"సరే," అంది. ఈసారి నవ్వే. "గా ముసలామెకు చెప్పు, మా అమ్మకు ఉప్పు తక్వ ఏయమను. నాకు రెండు కంకులు పట్టుకరా. నిమ్మకాయ ఎక్వ రుద్దుమను." ఫోను పెట్టేసింది.

నేను దిగి, తుంపరలో రోడ్డు దాటి గొడుగు దగ్గరికి పోయాను. నన్ను చూడగానే అత్త కంకిని కొంగు కింద దాచింది. కొంగు మీదికి ఉప్పూ కారం రాలాయి.

"కోరుట్లకు రెండు కంకులు కట్టియ్యి సత్తవ్వా," అన్నాను. "నిమ్మకాయ ఎక్వ. మా అత్తకు ఉప్పు తక్వ."

సత్తవ్వ నన్నూ అత్తనూ మార్చి మార్చి చూసి, నిప్పుల మీద రెండు కంకులు పెట్టి విసనకర్ర ఊపింది. అత్త కొంగు కింద నుంచి కంకి మెల్లగా బయటికి వచ్చింది.

"ముల్లు దిగిందా?" అని అడిగింది అత్త, నా వైపు చూడకుండా.

"దిగే ఉన్నది అత్తా," అన్నాను. "నువ్వు నిమ్మలంగ తిను."